మొదటి ఘమేలా

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం బాలమణి నా దుకాణం మెట్టు మీద కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుని, గ్లాసెడు నీళ్లు తాగి, తీరిగ్గా అడిగింది.

"గడువు నిండింది సేటూ. ఎవరు గెల్చిన్రో చెప్పు."

పందెం కాసిన తల్లీ కొడుకులిద్దరూ లేరు. మధ్యవర్తిగా నేనొక్కణ్నే మిగిలాను. ఏడేళ్ల కిందట ఇదే మెట్టు దగ్గర తల్లి ప్రభుత్వ బాండ్ల మీద, కొడుకు క్రిప్టో కాయిన్ మీద పందెం కాశారు. నా దగ్గర తక్కెడ ఉంది కాబట్టి నేనే తూచి చెప్పాలని నన్ను పెద్దమనిషిని చేశారు. తక్కెడ ఉన్నవాడల్లా ధర్మాత్ముడు కాడని నన్ను చూశాకైనా వాళ్లకు తట్టి ఉండాల్సింది.

ఆ తల్లి పేరు రాయను. పేరు ఊరికే ఇవ్వడం ఆమెకు నచ్చేది కాదు. ఎవరైనా సర్వేకని వచ్చి పేరడిగితే, చెబితే ఏమిస్తారని ఎదురడిగేది. గల్లీలో అందరూ పెద్దమ్మ అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను.

బొంబాయిలో కామాటిపురా గల్లీ ఒకటి ఫోరస్ రోడ్డులో కలిసేచోట మాది స్టీలు సామాను దుకాణం. మా తాత పాత ఇత్తడి తీసుకుని కొత్త అల్యూమినియం ఇస్తూ మొదలుపెట్టాడు. మా నాన్న అందులోంచి స్టీలులోకి వచ్చాడు. నేను కొత్తగా ఎందులోకీ రాలేదు, ఉన్నచోటే కూర్చున్నాను. మా ఇంట్లో పిల్లలకు మాటలకంటే ముందు బేరం వస్తుంది. నా పెళ్లిలో అయ్యవారి దక్షిణ కూడా తగ్గించాను. ఆయన మంత్రాలు కూడా ఆ మేరకు తగ్గించాడేమోనని మా ఆవిడకు ఇప్పటికీ అనుమానం.

అలాంటి నన్ను పెద్దమ్మ ఇరవై ఏళ్లు వరసగా ఓడించింది. ఆమె పద్ధతి ఒకటే, బోణీ వేళకు రావడం. నేను షట్టర్ సగం ఎత్తేసరికే దాని కిందనుంచి రెండు కాళ్లు కనిపించేవి. సిమెంటు తినేసి మడమలు ఎండిన చెరువులా పగిలిన కాళ్లు. వాటిని చూడగానే నా గుండె ఒక మెట్టు దిగేది. బోణీ బేరం పోగొట్టుకుంటే రోజంతా పోయినట్టేనని మా తాతనుంచి వచ్చిన భయం ఆమెకు బాగా తెలుసు. పగలు కొంటే నేను బిగుసుకుంటాను. పొద్దున అయితే ఎంతకైనా ఇచ్చి పంపాలి.

గిన్నె ఎత్తేది. వేలి కణుపుతో అడుగున కొట్టేది, పక్కన కొట్టేది, అంచున కొట్టేది. తల వంచి వినేది. అప్పుడు తీర్పు చెప్పేది.

"గుల్లగున్నది సేటూ. గిది గిన్నె గాదు, డోలు."

నిజానికి అందులో సగం నటన. ఆమెకు ఎడమ చెవి వినపడదు. కట్టడాల దగ్గర కాంక్రీటు మిక్సర్ మోత దాన్ని ఎప్పుడో మింగేసింది. ఆ చెవినే గిన్నెకు ఆనించేది కూడా. నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. అయినా ఆ కణుపు చప్పుడు వినగానే నేను నా మనసులో అనుకున్న ధరలోంచి కొంత తీసేసుకునేవాణ్ని. అన్నిటినీ అలాగే కొట్టి చూసేది. తలుపులు, గోడలు, పుచ్చకాయలు, ఒకసారి గల్లీలో ఓట్లడగడానికి వచ్చిన అభ్యర్థి వీపు కూడా. గుల్ల అని ఆయన ముఖమ్మీదే చెప్పింది.

పాలమూరు వైపునుంచి పెళ్లి చేసుకుని వచ్చిన నాటినుంచి ఆమె స్లాబు పని చేసింది. ఇప్పుడు పైపుల్లో కాంక్రీటు పైకి పోతోంది కానీ, అప్పట్లో మిక్సర్ దగ్గరనుంచి పైకప్పు దాకా ఆడవాళ్లు పరంజా మీద వరసగా నిలబడేవారు. కాంక్రీటు నింపిన ఇనుప తట్టను ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి అందిస్తూ పైకి చేర్చేవారు. ఆ తట్టను బొంబాయిలో ఘమేలా అంటారు. వరసలో ఎవరి చోటు వాళ్లదే. పెద్దమ్మది అట్టడుగున మొదటి చోటు. ఆమె మొదటి ఘమేలా ఎత్తి 'హా' అనేదాకా పైన ఎవరూ నడుం వంచేవారు కాదు. మేస్త్రీ అరిచినా సరే, ఇంజనీరు అరిచినా సరే. ఒక్కరు ముందే చేయి చాపితే పైనున్న వాళ్లందరి లయ తప్పుతుంది, ఎవరో ఒకరు జారతారు. ఒకసారి ఎవరో జారారట. ఎవరని నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ పని పోయి ఎన్నో ఏళ్లయినా ఆ పన్నెండు మంది వరస మాత్రం పోలేదు. పెళ్లి భోజనాల్లో అదే వరసలో కూర్చునేవారు. ఎవరైనా పోతే అదే వరసలో నడిచి వెళ్లి అదే వరసలో తిరిగి వచ్చేవారు. ముందు పెద్దమ్మ, వెనక బాలమణి, ఆ వెనక తక్కినవాళ్లు. రేషన్ దుకాణం దగ్గర కూడా వాళ్లు విడిపోయి నిలబడగా నేను చూడలేదు. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో మొక్కు అనుకునేవారు.

ఆమె కొడుకు శీను. ఒక్కడే. ఫోర్టులో ఒక షేర్ల బ్రోకరు ఆఫీసులో కాగితాలు అటూ ఇటూ తిప్పే పని. గల్లీలో మరాఠీ, ఆఫీసులో హిందీ, తల్లితో మాత్రం తెలుగు. అదీ ఆమె తిడుతుందని. వర్లిలో ఒక చాళ్‌లో, అంటే గదులన్నీ వరసగా ఉండే పాత మేడలో, శీను తాత నాటి ఖోలీ ఒకటి ఉండేది, ఒంటి గది ఇల్లు. అందులో శీను తండ్రి వాటా కింద బాబాయి కొంత డబ్బు ముట్టజెప్పాడు. వాళ్లింట్లో అంత డబ్బు ఒకేసారి కనిపించడం అదే మొదలు. ఆ రోజునుంచి తల్లీ కొడుకులకు పడలేదు. ఆమె బాండ్లు కొందామంది. అతను కాయిన్ కొందామన్నాడు. ఆ తగాదా వాళ్లు అద్దెకుండే చాళ్ మూడో అంతస్తునుంచి దిగి, గల్లీ దాటి, నా దుకాణం మెట్టెక్కింది.

శీను చెప్పింది అబద్ధమేం కాదు. బాండు వడ్డీ రాసి ఉన్నంతే వస్తుంది, పాల ధర మాత్రం రాసి ఉన్నంతే ఉండదు. ఏడేళ్ల తర్వాత చేతికొచ్చే అసలుతో ఈనాటి సరుకు సగం కూడా రాదు. అదే కాయిన్ అయితే లోకంలో లెక్కగా ఉంటుంది, ఎవరూ కొత్తగా అచ్చు కొట్టలేరు. కొని, కళ్లు మూసుకుని, పడినా లేచినా చూడకుండా ఉండగలిగితే చాలు. ఆఫీసులో పెద్ద పెద్దవాళ్లు రహస్యంగా అదే చేస్తున్నారన్నాడు.

పెద్దమ్మ అంతా విని అడిగింది. "సర్కారుకు ఒక ఆఫీసున్నది, ఒక గేటున్నది. నీ కాయిన్ ఎవనిదిరా?"

"ఎవ్వనిది గాదమ్మా. గదే దాని గొప్ప."

"ఎవ్వనిది గానిది పడిపోతే ఎవని గల్ల పట్టాలె?"

శీను నా వైపు చూశాడు. నేను తక్కెడ గొలుసు సవరించుకున్నాను. నా మట్టుకు నాకు రెండూ నచ్చలేదు. చేత్తో ఎత్తి బరువు చూడలేని సరుకును మా వంశంలో ఎవరూ కొనలేదు. పెద్దమ్మ బ్యాంకువాళ్లిచ్చిన కాగితాన్ని నా గల్లాపెట్టె మీద పెట్టి కణుపుతో కొట్టింది. తర్వాత శీను ఫోన్ తీసుకుని దాన్నీ కొట్టింది. రెండూ మోగలేదు. చెరి సగం చేసుకోండని నేనే అన్నాను. బేరం తెగనప్పుడు మధ్యకు కోయడం తప్ప నాకు వేరే విద్య రాదు.

అలా పందెం కుదిరింది. ఏడేళ్లు ఇద్దరూ అసలు ముట్టకూడదు. గడువు నిండాక ఎవరిది తక్కువైతే వాళ్లు వరస మొత్తానికి మటన్‌తో భోజనం పెట్టాలి. బాండు వడ్డీ ఆరునెలలకోసారి తల్లి చేతికి వస్తుంది కదా, అది అన్యాయమన్నాడు శీను. వాడుకోవచ్చు కానీ తూకంలో అదీ వేస్తానని తీర్పు చెప్పాను. కాయిన్ ఎప్పుడైనా చూసి తూచడానికి దాని చిరునామా అంకె ఒకటి నా ఫోన్‌లో పెట్టాడు. అందులో ఎంత ఉందో ఎవరైనా చూడొచ్చు, ముట్టుకోవడానికి మాత్రం తాళంచెవి కావాలన్నాడు.

మొదటి వడ్డీ రాగానే పెద్దమ్మ బోణీ వేళకు వచ్చి నా దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద బగోన కొన్నది. శీను ఓడి మటన్ పెట్టే రోజుకు అట. ముప్పై మందికి సరిపోయే బగోన. మోయలేక నెత్తిమీద బోర్లించుకుంది. శీను వెనకనుంచి దాని మీద దరువు వేస్తూ, అందులో వండేది ఆమేనని గల్లీ అంతా వినేట్టు చెబుతూ తీసుకుపోయాడు. మా నాన్న బతికుండి, దాన్ని నేను ఎంతకిచ్చానో తెలిస్తే నన్ను దుకాణం దింపేవాడు.

ఇక ఆ తాళంచెవి సంగతి. అది పన్నెండు ఇంగ్లీషు మాటలు. వరస తప్పకుండా చెబితే డబ్బు కదులుతుంది, ఒక్కటి పోయినా కదలదు. శీను వాటిని కాగితం మీద పెట్టనన్నాడు. వాళ్ల ఖోలీలో కాగితానికి ముగ్గురు శత్రువులు ఉన్నారు. వాన, ఎలుక, బాబాయి. తన ఫోన్ పోతే పనికొస్తాయని తల్లికి కంఠతా నేర్పాడు. చదువు రాని మనిషికి అర్థం తెలియని పన్నెండు మాటలు. రెండు రోజులు తల పట్టుకుని కూర్చుంది. మూడో రోజు తేలిగ్గా నవ్వుతూ దుకాణానికి వచ్చింది. పని అయిపోయిందట. మొదటి మాట తను ఉంచుకుని, రెండోది బాలమణికిచ్చి, మూడోది ఆ పైదానికిచ్చి, పరంజా వరసలోనే పైదాకా పంచేసింది. ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట. ఎవరి మాట వాళ్లు ఇంకెవరికీ చెప్పకూడదు. ఒక్క మాట మోయడం కష్టమా? ఘమేలా కన్నా బరువా?

శీను తల బాదుకున్నాడు. రహస్యాన్ని గల్లీ మీద పంచిపెట్టిన మొదటి మనిషి ప్రపంచంలో తన తల్లేనన్నాడు. కొత్త మాటలు తెచ్చి మార్చేస్తానన్నాడు. కానీ రెండు రోజులు ఆలోచించాక అతనికీ అది బాగానే ఉందనిపించింది. ఎవరి దగ్గరా మొత్తం లేదు, వరస ఎవరూ మర్చిపోరు. బ్యాంకు లాకరు కన్నా గట్టిదన్నాడు. ఆ ఆడవాళ్లకు మాత్రం మాట దొరికాక నడక మారిపోయింది. 'లెమన్' దొరికినావిడ నోరు ఆగక నాకే చెప్పేసి, నిమ్మకాయ అని అర్థం తెలుసుకుని, ఇంతమందిలో తనకే పుల్లటిది ఇచ్చిందని పెద్దమ్మతో నెలరోజులు మాట్లాడలేదు.

శీను ఆ మరుసటి సంవత్సరం వానల్లో పోయాడు. నాగ్‌పాడా మలుపులో బండి జారింది. ఫోన్ కూడా అతనితోపాటే నలిగిపోయింది. దాని గురించి ఇంతకుమించి రాయడం నాకు చేతకాదు.

పదో దినం అయ్యాక కొన్నాళ్లు షట్టర్ కింద కాళ్లు కనిపించలేదు. బోణీలు మంచి ధరకు అయ్యాయి. నాకేమీ సంతోషం కలగలేదు. తర్వాత ఒక పొద్దున మళ్లీ కనిపించాయి. ఆమె లోపలికి రాలేదు. మెట్టు మీద కూర్చుని, రూపాయి బిళ్ల తక్కెడ పళ్లెంలో పెట్టింది.

"నీ ఫోన్ల శీనుగాడు పెట్టింది ఉన్నదా సేటూ?"

ఉందన్నాను.

"ఎట్లున్నడు?"

నాకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఫోన్ తీసి చూశాను. ఆ రోజు ధర పెరిగింది. బాగున్నాడని చెప్పాను. ఆమె తలూపి, మోకాళ్ల మీద చేతులూని లేచి వెళ్లిపోయింది. రూపాయి వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు. ఊరికే అడగకూడదట.

అప్పటినుంచి అదే నా బోణీ. రూపాయి పళ్లెంలో పడేది, నేను ఫోన్ తీసేవాణ్ని. కాయిన్ బాగా లేచిన రోజు బాగున్నాడని చెబితే, కడుపునిండా తిన్నాడని విన్నంత సంతోషంగా పోయేది. ఒక ఏడాది అది పడిపోవడం మొదలైంది. సగమైంది, ఇంకా పడింది. పేపర్లలో దాని పని అయిపోయిందని రాశారు. ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు నోరు రాలేదు. తగ్గించి చెప్పడం అలవాటైన వృత్తి కదా, నష్టాన్నీ తగ్గించి చెప్పాను. కొద్దిగా జలుబు చేసిందన్నాను. ఆమె నా ముఖాన్ని చూసి, గల్లాపెట్టె చెక్కను కణుపుతో ఒకసారి కొట్టింది. మర్నాడు వచ్చినప్పుడు జలుబు తగ్గిందా అని అడిగింది.

ఎవరైనా అమ్మేద్దామంటే, గడువు ఉంది కదా అనేది. పందెం మధ్యలో తెంచితే శీను ఒప్పుకోడట. తన వైపు బాండ్ల వడ్డీ మాత్రం రోజు తప్పకుండా వచ్చేది. దాంతో చాపత్తా, మోకాళ్ల మాత్రలు. బాండు గురించి ఎన్నడూ ఎలా ఉందని అడగలేదు.

తర్వాత కాయిన్ మళ్లీ లేచింది. ఎన్నో రెట్లు లేచింది. అదే సమయంలో వాళ్ల చాళ్ ఖాళీ చేయమని నోటీసు అంటించారు. గోడలు నిజంగానే గుల్ల అయ్యాయి, దానికి ఎవరి కణుపూ అక్కరలేదు. కొత్తది కట్టేదాకా ఉండమని అద్దెదారులకు నగరం అంచున ట్రాన్సిట్ గదులు ఇచ్చారు. రెండు రైళ్లు మారి పోవాలి. పెద్దమ్మకు పోవాలని లేదు. పక్క గల్లీలో బాలమణి కోడలి ఇంటి పక్కన ఒక ఖోలీ ఖాళీగా ఉంది. దానికి పెద్ద మొత్తంలో డిపాజిట్ కావాలి. బాండ్లు గడువు దాకా కదలవు. కాయిన్‌లో ఒక ముక్క అమ్మితే వచ్చేదానితో అయిపోతుంది.

మొదటిసారిగా ఆమె సరేనంది. గడువుకు ముందే అయినా, మధ్యవర్తిగా నేను అనుమతి ఇచ్చాను. ఖోలీ యజమానితో నేనే బేరమాడి డిపాజిట్ దించాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ బేరం చేయలేదు, అందులో నాకొచ్చేది ఏమీ లేకపోయినా. అయితే ముక్క అమ్మడం తెలివి కాదని నాకనిపించింది. మాటలన్నీ ఒకసారి బయటపడ్డాక అందులో ఇంకేమీ ఉంచకూడదు, అంతా తీసి బ్యాంకులో వేయాలని సలహా ఇచ్చాను. ఇప్పటికీ అది సరైన సలహానే.

ముందురోజు సాయంత్రం ఆమె దుకాణానికి వచ్చింది. సాయంత్రం రావడం ఆమెకు అలవాటు లేదు.

"రేపు అమ్మినంక, ఎల్లుండి పొద్దుగాల ఫోన్ల ఏం జూస్తవ్ సేటూ?"

నేను గిన్నెలు లోపలికి సర్దుతున్నాను. తలెత్తకుండానే జవాబు చెప్పాను. "చూడటానికి ఏముంటది పెద్దమ్మా. సున్నా."

నేను గిన్నెల మోతలో ఉన్నాను. చూసేసరికి ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం చాళ్ మెట్ల మీద వరస నిలబడింది. మెట్లు సన్నగా, చీకటిగా ఉంటాయి, పరంజా లాగే. కింద వాకిట్లో పెద్దమ్మ. మొదటి మెట్టు మీద బాలమణి. ఆ పైన తక్కినవాళ్లు, మూడో అంతస్తు దాకా. పోయిన ఇద్దరి చోట్లలో కోడళ్లు నిలబడ్డారు, పోతూ పోతూ అత్తలు చెవిలో చెప్పిన మాటలతో. ఒకావిడ ఊరికి వెళ్లిపోయింది. ఆవిడ చోట ఫోన్‌ను మెట్టు మీద నిలబెట్టారు. ఫోన్‌లోంచి మేకల అరుపులు వినిపిస్తున్నాయి. ఆవిడకు వినపడుతుందా అని పదే పదే అడుగుతుంటే, మీరు ఎత్తండే, నేను అందుకుంటా అంటోంది. చాలా ఏళ్లకు ఇంత ఎత్తు మీద నిలబడ్డామని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. లెమన్ ఆవిడ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నేను పెద్దమ్మ పక్కన ఫోన్ తెరిచి పట్టుకుని నిలబడ్డాను.

నవ్వులు ఆగాయి. అందరూ నడుం కొద్దిగా వంచి కిందికి చూశారు.

పెద్దమ్మ రెండు చేతులూ ముందుకు చాపింది, ఘమేలా ఎత్తేటప్పటిలా. నోరు తెరిచింది. పైకి చూసింది. తర్వాత నా చేతిలోని ఫోన్ వైపు చూసింది.

చేతులు దించేసింది.

"నాకు యాది లేదు."

కొంచెం ఆగి గుర్తు తెచ్చుకో అన్నాను. నీళ్లు తాగు అన్నాను. కూర్చో అన్నాను. ఆమె మెట్టు మీద కూర్చుని, నేల మీద వేలితో గీస్తూ, లేదు బిడ్డా, జారిపోయింది అంది. నన్ను బిడ్డా అని పిలిచింది అప్పుడే. నాకు తెలిసిన సెల్‌ఫోన్ రిపేరు అతను ఒక మాట చెప్పి ఉన్నాడు. ఒక్క మాట పోయినా పర్వాలేదు, తక్కినవి ఉంటే మిషను వెతికి పెడుతుంది. అదే ఆశతో పైకి చూసి, మీ మాటలు మీరు చెప్పండి, మిగతాది నేను చూసుకుంటానన్నాను. బాలమణి నా వైపు చూసిన చూపు మర్చిపోలేను.

"మొదటిది లేవందే ఎట్ల అందుకుంటం సేటూ?" అంది.

పైన ఒక్కరు కూడా నోరు తెరవలేదు. కాసేపటికి పైనుంచి ఒక్కొక్కరే దిగడం మొదలుపెట్టారు. దిగుతూ ఒక్కొక్కరూ పెద్దమ్మ భుజం మీద చేయి వేసి పోయారు, చావు ఇంట్లో వేసినట్టు. మెట్టు మీద ఫోన్ ఒక్కటే మిగిలింది. అయిపోయిందా, ఎత్తిండ్రా అని ఊరినుంచి అడుగుతూనే ఉంది. ఎవరో వెళ్లి ఆపారు.

నలభై ఏళ్లు గల్లా మీద కూర్చున్నాను. పైసలు ఇంట్లో మర్చిపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో, జేబులో ఉన్నా లేవని చెప్పే మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆమెను నేను ఇంకేమీ అడగలేదు. ఆ ఖోలీ వారంలోపల ఇంకెవరికో వెళ్లిపోయింది, నేను దించిన ధరకే.

ఆమె ట్రాన్సిట్ గదికి పోయింది. ఏడో అంతస్తు, లిఫ్టు కొన్ని రోజులు పనిచేసేది. పక్కన ఎవరూ తెలుగువాళ్లు లేరు. బగోన కూడా వెంట తీసుకుపోతే లోపల పెట్టడానికి చోటు లేక, బాలమణి దగ్గర వదిలిపెట్టింది. నేను షట్టర్ ఎత్తే వేళకు ఫోన్ మోగేది. ఆమె అటునుంచి రూపాయి గోడ మీద కొట్టి వినిపించేది. పళ్లెంలో వేసినట్టు అనుకోమనేది. అప్పు పెరుగుతోంది పెద్దమ్మా అంటే, వచ్చినప్పుడు ఒకేసారి ఇస్తాననేది. ఎట్లున్నడు అని అడిగేది. చెప్పేవాణ్ని. తర్వాత కాసేపు గల్లీ సంగతులు అడిగేది. ఎవరు పోయారు, ఎవరు వచ్చారు, వరసలో వాళ్లు కనిపిస్తున్నారా. బస్సుల మోత వినపడేట్టు ఫోన్ వీధి వైపు పెట్టమనేది. ఆమెకు వినపడే చెవి ఒక్కటే, దాన్ని ఫోన్‌కే ఇచ్చేది.

ఒకరోజు మోగలేదు. రైలు ఆలస్యమైన వాడిలా నేను షట్టర్ సగంలో ఆపి నిలబడ్డాను. బోణీకి వచ్చిన వాణ్ని కాసేపు ఆగమన్నాను. మధ్యాహ్నానికి బాలమణి కోడలు వచ్చి చెప్పింది. నిద్రలోనే పోయిందట. వరస మొత్తం రెండు రైళ్లు మారి వెళ్లింది. ఈసారి ముందు బాలమణి నడిచింది. కానీ ఆమె ముందు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నడిచింది. ప్లాట్‌ఫాం మీద జనం ఆ ఖాళీలో దూరుతుంటే, చేయి అడ్డం పెడుతూ నడిచింది.

ఇదంతా జరిగి ఒక ఏడాది. శీను పోయాక బాండ్లకు నామినీగా పెద్దమ్మ బాలమణి పేరు రాయించింది. గడువు నిండి, ఆ డబ్బు చేతికొచ్చి, పోయిన నెల ఆ మధ్యాహ్నం బాలమణి నా మెట్టు మీద కూర్చుని తీర్పు అడిగింది.

నేను ఫోన్ తీశాను. అంకెలు చూస్తే సందేహమే లేదు. తల్లి అసలు, ఏడేళ్ల వడ్డీ ఒక పళ్లెంలో వేసి, కొడుకు కాయిన్ ఇంకో పళ్లెంలో వేస్తే, తల్లి పళ్లెం ఎగిరి నా గడ్డానికి తగులుతుంది. కానీ అమ్ముకోలేని సరుకుకు ధర ఏమిటి? మా నాన్న ఉంటే సున్నా అనేవాడు. ఆ లెక్కన తల్లి గెలిచినట్టు. అప్పుడు భోజనం పెట్టాల్సింది శీను. ఎక్కణ్నుంచి పెడతాడు?

బాలమణి నా వైపే చూస్తోంది. నాకు ఒక సంగతి అడగాలనిపించింది. పరంజా మీద పెద్దమ్మకు పక్కనే నిలబడ్డ మనిషి. ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గర. ఆ మొదటి మాట నీకు తెలుసా అని అడగాలనిపించింది. నోటిదాకా వచ్చింది. బాలమణి కూడా అది గ్రహించినట్టే ఉంది, గ్లాసు అటు తిప్పి పెట్టింది.

"శీను గెలిచిండు," అన్నాను.

బాలమణి చాలాసేపు తలూపింది. "అయితే పెట్టేది ఆమెనే," అంది.

పోయిన ఆదివారం ఆ బగోనలో మటన్ ఉడికింది. బాలమణి కోడలి ఖోలీ ముందు, చాళ్ నడవలో, వరస కూర్చుంది. మొదటి చోట విస్తరి వేసి, అన్నం వడ్డించి, ఖాళీగా ఉంచారు. ఊరికి వెళ్లిపోయినావిడ ఈసారి మనిషే వచ్చింది. లెమన్ ఆవిడ, ముక్క గట్టిగా ఉందని, అక్కడ కూడా పుల్లవిరుపు మాట ఒకటి అంది. మధ్యవర్తికి చివర పీట వేశారు. మిగిలిన బాండ్ల డబ్బు వరసలో ఎవరికి మంచం పట్టే కష్టమొచ్చినా వాళ్లకని నిర్ణయించారు, నన్ను సలహా అడక్కుండానే.

వడ్డన అయింది. ఎవరూ చేయి పెట్టలేదు. ముందు ఆమె తినాలి కదా, ఆమె లేదు. ఆవిరి లేస్తోంది. నాకు ఆకలిగా ఉంది, పొద్దున్నుంచి ఇందుకోసమే తినలేదు.

బాలమణి ఖాళీ విస్తరి వైపు చూసి, చివర కూర్చున్న నన్ను పిలిచింది.

"సేటూ, పోరడు ఎట్లున్నడు?"

జేబులోంచి ఫోన్ తీశాను. ఆ రోజు కాయిన్ బాగా పడి ఉంది, ఈ మధ్య ఎన్నడూ లేనంత.

"కొద్దిగా జలుబు," అన్నాను.

"తగ్గుతదిలే," అని బాలమణి మొదటి ముద్ద ఎత్తింది. వరస కదిలింది.